పేర్లు కొడవళ్లు కాకుండా

(స్వర్ణోత్సవాల రెండో రోజు, కంప్యూటర్ చదువుల్లో ఉన్న పిల్లల కోసం ఏర్పాటైన మధ్యాహ్నపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వాళ్లు నాకు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు వెబ్‌సైట్ల పని చేస్తావు గదా. మన ప్రొద్దుటూరు ఇంజనీరింగ్ కాలేజీ పిల్లోళ్లు, పులివెందుల జేఎన్‌టీయూ పిల్లోళ్లు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లోళ్లు వస్తాండారు. వాళ్లకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు. జీవితంలో ఎట్ల పైకి రావాలో చెప్పడానికి ఇక్కడ నాకంటే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కోడ్ గురించే మాట్లాడతాను. నోటితో చెప్పే కోడ్ కాబట్టి తెలుగులో పలుకుతాను. మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో చేసుకోండి.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ సభలో కొంతమందికి తెలుసు. తెలియనివాళ్లకు కూడా తెలియడం మంచిది.

రెండేళ్ల కిందట సంఘం ఒక నిర్ణయం చేసింది. ఈ యాభై ఏళ్లలో మన బడిలో పదో తరగతి చదివిన వాళ్లందరి పేర్లు ఒకచోట, తెలుగులో, ఎవరైనా వెతుక్కునేటట్లు పెట్టాలని. ఆ పేజీ చేసే పని నాకిచ్చారు. పేర్లు ఎక్కించే పని మన తెలుగు సారు తనంతట తానే తీసుకున్నారు. రిటైరై జమ్మలమడుగులో ఇంటిపట్టున ఉన్నారు, ఆయన దగ్గర పాత హాజరు పుస్తకాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి.

నేను బెంగుళూరులో ఒక శనివారం రాత్రి కూర్చొని ఆ ఫారం తయారుచేశాను. మూడు గంటల్లో అయిపోయింది. ఎందుకంత తొందరగా అయిందంటే, డేటాబేస్‌కు కలిపే ముక్క, టేబుల్ సృష్టించే ముక్క, రెండూ నా పాత ప్రాజెక్టు నుంచి తెచ్చి అతికించాను. మన పనిలో అందరం చేసేదే. నా పేరు ఇంగ్లీషులో కొట్టి చూశాను, చక్కగా ఎక్కింది. సారుకు లింకు పంపించి పడుకున్నాను.

సారు డెబ్బై దాటిన మనిషి. ఫోన్లో ఒక్క వేలితో, రోజుకు రెండు గంటలు, పన్నెండు రోజులు కొట్టారు. నాలుగు వందల చిల్లర పేర్లు. ప్రతి పేరుకూ "ఫలానావారి పేరు భద్రమైనది, ధన్యవాదాలు" అని కింద వచ్చేది. ఆయన దాన్ని నమ్మారు. పదమూడో రోజు జాబితా తెరిచి చూసుకొని నాకు ఫోన్ చేశారు.

"ఏంరా, నా పిల్లోళ్లంతా కొడవళ్లయిపోయినారు గదరా!"

నేను తెరిచి చూస్తే వరసబెట్టి ప్రశ్నార్థకాలు. సంవత్సరం అంకెలు ఉన్నాయి, సెక్షన్ ఉంది, పేరు ఉండవలసిన చోట కొడవళ్ల పంట. పోనీలే సార్, ఆ పుస్తకాలు చూసి ఈసారి నేనే కొడతాను అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "పుస్తకాలు యాడుండాయిరా, పాత పేపర్లోడికి ఏసేస్తి. భద్రమైనది అని నువ్వే చెప్తివి గదా" అన్నారు.

అక్కడేం జరిగిందో పిల్లలు శ్రద్ధగా వినాలి. ఇది పుస్తకంలో ఒక్క లైనులో ఉంటుంది, పని చేసేటప్పుడు గుర్తుండదు.

ఫారం నుంచి అక్షరాలు యూటీఎఫ్-8లో బయలుదేరాయి. కనెక్షన్ కూడా యూటీఎఫ్-8 అనే చెబుతోంది. కానీ నేను పాత ప్రాజెక్టు నుంచి తెచ్చిన టేబుల్ లాటిన్1లో ఉంది. 2018లో ఎనిమిదో వెర్షన్ వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్‌కు లాటిన్1 డిఫాల్టు, అందులోనూ స్వీడిష్ అక్షరక్రమం. అది స్వీడన్‌లో పుట్టిన సాఫ్ట్‌వేర్ లెండి. ఆ గిన్నెలో యూరప్ అక్షరాలు పడతాయి, తెలుగు అక్షరం పట్టదు. పట్టని అక్షరం వచ్చినప్పుడు డేటాబేస్ గట్టిగా అరవాలి. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే అరుస్తుంది, ఎర్రర్ 1366 అంటుంది, రాయను పొమ్మంటుంది. నా పాత ముక్కలో ఒక లైను ఉంది: సెట్ సెషన్ ఎస్‌క్యూఎల్ మోడ్ ఈక్వల్ టు, కోట్స్ మధ్య ఏమీ లేదు. ఎప్పుడో ఏదో ఎర్రర్ విసిగిస్తుంటే నోరు మూయించడానికి నేనే రాసుకున్న లైను. ఆ లైను వల్ల డేటాబేస్ అరవలేదు. ఒక్కొక్క అక్షరం తీసేసి ఒక్కొక్క ప్రశ్నార్థకం పెట్టుకుంటూ పోయింది.

బ్యాకప్ లేదా అంటారు. ఉంది. రోజూ రాత్రి పన్నెండింటికి తీసుకునేటట్లు పెట్టాను. పన్నెండు రోజుల బ్యాకప్పులు తెరిచి చూశాను, పన్నెండింటిలోనూ కొడవళ్లే, శుభ్రంగా, ఒక్కటి కూడా పోకుండా.

కాబట్టి మొదటి ముక్క. కొత్త టేబుల్ చేసినా, పాత టేబుల్ తెచ్చుకున్నా, "షో క్రియేట్ టేబుల్" అని కొట్టి చివరి లైను చదవండి. యూటీఎఫ్8ఎంబీ4 అని ఉండాలి. ఉత్త యూటీఎఫ్8 అన్నా తెలుగు నిలుస్తుంది, మన అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లే. కానీ ఎవరో ఒకరు నమస్కారం బొమ్మ పెడతారు, దానికి నాలుగు బైట్లు కావాలి, అక్కడ కథ మళ్లీ మొదటికొస్తుంది. టేబుల్, కనెక్షన్, పేజీ నెత్తిన మెటా క్యారెక్టర్ సెట్, మూడూ ఒకే మాట చెప్పాలి.

రెండోది. భద్రమైనది అని చెప్పేముందు డేటాబేస్ నుంచి తిరిగి చదవండి. నా పేజీ చెప్పిన పేరు ఫారంలో సారు కొట్టిన పేరే, డేటాబేస్‌లోకి వెళ్లిన పేరు కాదు. ఇన్సర్ట్ అయిన వెంటనే ఆ ఐడీతో సెలెక్ట్ చేసి, వచ్చిన పేరును చూపించి ఉంటే మొదటి పేరు దగ్గరే సారు ఆగేవారు. రెండు లైన్ల పని అది.

అనుమానం వస్తే హెక్స్ అనే ఫంక్షన్ ఉంది. సెలెక్ట్ హెక్స్, బ్రాకెట్లో కాలం పేరు. తెలుగు అక్షరమైతే ఈ0 బీ0 అనో, ఈ0 బీ1 అనో మొదలవుతుంది. "ప" అయితే ఈ0 బీ0 ఏఏ. 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని వచ్చిందంటే అవి నిజంగానే ప్రశ్నార్థకాలు, వెనక ఏమీ లేదు. అట్లా కాకుండా తెర మీద నెత్తిన గీతలున్న ఇంగ్లీషు 'ఏ'లు, సున్నాలు, పిచ్చిపిచ్చి గుర్తులు కనిపిస్తే మాత్రం సంతోషించండి. అప్పుడు చాలాసార్లు బైట్లు పోలేదు, చదివే కళ్లద్దాలు తప్పు. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలు రెండుసార్లు నొక్కి తెరిస్తే కనిపించేది అదే. ఫైలు మొదట్లో బామ్ అనే మూడు బైట్లు, ఈఎఫ్ బీబీ బీఎఫ్, పెట్టి పంపండి, తెలుగు తెలుగులా తెరుచుకుంటుంది. ఆఫీసుల్లో సగం గోల దీనివల్ల తీరుతుంది.

మళ్లీ కొడవళ్ల దగ్గరికి వస్తాను. ఇందాక ఒక మాట అన్నాను, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ప్రశ్నార్థకం అని. అక్షరం అంటే ఏది? మన బడిలో నేర్చుకున్న లెక్కలో ప్రొద్దుటూరుకు నాలుగక్షరాలు: ప్రొ, ద్దు, టూ, రు. కంప్యూటర్ లెక్క వేరు. ప, దాని కింద పొల్లు, ర, ఒత్వం, ద, పొల్లు, ద, కొమ్ము, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. పన్నెండు. జావాస్క్రిప్టులో డాట్ లెంగ్త్ అని అడిగితే పన్నెండు అనే చెబుతుంది. బైట్లు అడిగితే ముప్పై ఆరు. జమ్మలమడుగు మనకు ఆరు, దానికి పది. పులివెందుల మనకు ఐదు, దానికి పది.

ఈ లెక్క తెలియక ఫారాల్లో మ్యాక్స్‌లెంగ్త్ ఇరవై అని పెడతారు. పులివెందుల ఇంటిపేరు, వెంకటసుబ్బయ్య పేరు అనుకోండి, ఊరికే ఉదాహరణకు. కంటికి పదకొండు అక్షరాలే. ఫారం "వెంకటసుబ్" దగ్గర ఆపేస్తుంది. ఒత్తూ లేదు, అయ్యా లేదు. మనిషి పేరు విరిగిపోతుంది. తెలుగు పేరుకు గది ఇచ్చేటప్పుడు ధారాళంగా ఇవ్వండి. నిజంగా మన అక్షరాలే లెక్కపెట్టాలంటే ఇంటల్ డాట్ సెగ్మెంటర్ ఉంది, భాష టీఈ అని, గ్రాన్యులారిటీ గ్రాఫీమ్ అని ఇవ్వాలి. ఇందులోనూ ఒక మెలిక. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలు తెలిసిన బ్రౌజరైతే ప్రొద్దుటూరు నాలుగే అంటుంది. పాతదైతే పొల్లు దగ్గర విరిచి ఆరు అంటుంది. లెక్క తప్పితే కొంప మునిగే చోట దాని మీద ఆధారపడకండి.

పులివెందులలో మా బావ చీనీకాయల వ్యాపారం చేస్తాడు. రైతులకు తెలుగులో మెసేజీ పంపుతుంటే ఒక్కదానికి రెండింటి డబ్బులు పడుతున్నాయని నాతో కొట్లాటకొచ్చాడు. ఇంగ్లీషు మెసేజీకి 160 అక్షరాల దాకా ఒకటే. తెలుగుకు 70, అదీ ఈ కంప్యూటర్ లెక్కలో. "గౌరవనీయులైన రైతు సోదరులకు" అనే మాటలే పాతిక మింగుతున్నాయి. అది తీసేయించాను. మర్యాద తగ్గింది గానీ బిల్లు సగమైంది. ఆయన బిల్లు పేజీలోనే ఇంకో చిక్కు, మొత్తం 1,234,567 అని పడేది. మండీలో ఎవరు అట్లా చదువుతారు? టు లొకేల్ స్ట్రింగ్, బ్రాకెట్లో ఈఎన్ హైఫన్ ఐఎన్ అని ఇస్తే 12,34,567 అని లక్షల్లో వస్తుంది. బంగారం అంగళ్ల ఊరు మనది, ఈ ఒక్క ముక్క తెలిస్తే ఇక్కడ చాలామందికి పనికొస్తారు.

ఇక నేను పోగొట్టిన పేర్లు. దిగులు కాస్త తగ్గిన తర్వాత చూస్తే, ఆ కొడవళ్లలో ఒక ఆకారం ఉంది. ఖాళీలు చెడలేదు, చుక్కలు చెడలేదు. ఇంటిపేరు ఎన్ని గుర్తులో, పేరు ఎన్ని గుర్తులో లెక్క అట్లాగే ఉంది. వరస సారు హాజరు పుస్తకంలో ఉన్న వరసే. బడిలో అడ్మిషన్ రిజిస్టర్లు అడిగి తీసుకున్నాం. చాలా భాగం బాగానే ఉన్నాయి, కొన్ని సంవత్సరాలవి చెదలు తినేశాయి. ఒక్కో పేరు రిజిస్టర్లో దొరికినప్పుడల్లా నేను చిన్న ఫంక్షన్‌తో దాని పొడవు లెక్కపెట్టి, కొడవళ్ల లెక్కతో సరిచూసేవాణ్ణి. సరిపోతే ఆ మనిషి తిరిగి వచ్చినట్టు. జమ్మలమడుగులో సారు ఇంటి అరుగు మీద ఆదివారాలు ఈ పనే. ఆయన కళ్లు మూసుకొని చెప్పేవారు, "రెండో బెంచీ, కిటికీ పక్క, వాళ్ల నాయన నూనె మిల్లులో పని" అని. పేరు చెప్పేవారు. నేను లెక్కపెట్టేవాణ్ణి. తొమ్మిది. సరే. చాలాసార్లు కుదిరింది.

కుదరనప్పుడు ఇద్దరం తప్పు వెతికేవాళ్లం. కొన్నిసార్లు తప్పు నాదే. సారు ఫోన్లో కొట్టిన పేర్లలో కంటికి కనపడని గుర్తు ఒకటి దూరేది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, 200సీ. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్, వే కలిసిపోకుండా విడదీసేది అదే. కంటికి ఏమీ లేదు, లెక్కలో ఒకటి. ఇది తెలియకపోతే వెతుకులాట కూడా పనిచేయదు. ఒకరు అది పెట్టి కొడతారు, ఒకరు పెట్టకుండా కొడతారు, చూడ్డానికి ఒకటే మాట, కంప్యూటర్‌కు రెండు మాటలు. నా పేజీలో ఇప్పుడు వెతుకులాట కోసం పేరును రెండోసారి వేరే కాలంలో దాచుతాను: ముందు నార్మలైజ్ ఎన్ఎఫ్‌సీ, ఆ తర్వాత 200బీ, 200సీ, 200డీ మూడింటినీ తీసేయడం. చూపించేది అసలు పేరు, వెతికేది శుభ్రం చేసిన పేరు. ఐత్వాన్ని కూడా రెండు రకాలుగా నిల్వచేయవచ్చు, ఒకే గుర్తుగానో, ఎత్వం కింద ఇంకో గుర్తుగానో. ఆ నార్మలైజ్ దాన్ని ఒకటి చేస్తుంది.

ఈ కనపడని గుర్తు చిన్నదనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లు మన "జ్ఞా" అనే అక్షరం చూసి కూలిపోయాయి. మెసేజీలో ఆ ఒక్క అక్షరం వస్తే చాలు, ఆప్ మూసుకుపోయేది. అది మామూలుగా మనం రాసే జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ తర్వాత ఈ 200సీ వచ్చి, ఆ తర్వాత దీర్ఘం. ఆ వరసను గీయబోయి ఐఓఎస్ 11.2.5 బోర్లాపడింది. 19వ తేదీన ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. చాలా పత్రికలు "తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది" అన్నట్టు రాశాయి. నాకు కోపం వచ్చింది. అక్షరం తప్పు ఏముంది? మన ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలో రేనాటి చోళుల ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం క్రీ.శ. 575 నాటిదంటారు, దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిది. పద్నాలుగు వందల ఏళ్లు దాటిన రాతను పరీక్షించకుండా వదిలినవాడి తప్పు అది. కొడవళ్ల విషయంలో నేను చేసిందీ అదే గదా, ఇంగ్లీషులో నా పేరొక్కటి కొట్టి పడుకున్నాను.

అందుకే ఇప్పుడు నాకో అలవాటు. ఏ పేజీ చేసినా మూడు ఊళ్లు కొట్టి చూస్తాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ప్రొద్దుటూరులో పైన గుణింతం, కింద రెండు ఒత్తులు. లైన్ హైట్ 1.2 పెట్టి ఓవర్‌ఫ్లో హిడెన్ అంటే కింది ఒత్తు తెగుతుంది, తెలుగుకు 1.6 తగ్గకుండా ఇవ్వండి. జమ్మలమడుగు సన్న బటన్‌లో పట్టదు, పక్కకు కారుతుంది. పులివెందులలో సున్న ఉంది, ఎత్వం ఉంది. అక్షరాల మధ్య లెటర్ స్పేసింగ్ ఇచ్చారేమో అక్కడ చూస్తే తెలుస్తుంది, తెలుగుకు దాన్ని సున్నా చేయండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగులో ల్యాంగ్ ఈక్వల్ టు టీఈ మరవకండి, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అదే ఆధారం, చూపులేని వాళ్లు మన పేజీలు వింటారు. ఫాంట్లకు కొదవ లేదు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురన్న, నోటో సాన్స్ తెలుగు అన్నీ ఉచితం. ఫాంటు ముక్కలు చేసి యూనికోడ్ రేంజ్ రాసేటప్పుడు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ తో ఆపేయకండి, ఆ 200సీ, 200డీ కూడా చేర్చండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ అన్న మాట మధ్యలో ఫాంటు మారిపోవచ్చు. పేరుకు అక్షరక్రమం కావాలంటే ఉత్త సార్ట్ వద్దు. కోడ్ నంబర్ల వరసలో ళ వచ్చి ల పక్కన కూర్చుంటుంది, మన వర్ణమాలలో అది హ తర్వాతిది. లొకేల్ కంపేర్, టీఈ అని వాడి, ఫలితం కంటితో ఒకసారి చూసుకోండి.

ఇంకా ఒకటి. ఆ పాడు లైను, ఎస్‌క్యూఎల్ మోడ్ ఖాళీ చేసిన లైను, ఎందుకు రాశానో నాకే గుర్తులేదు. పక్కన ఒక వాక్యం రాసుకొని ఉంటే అతికించేముందు చదివేవాణ్ణి. ఇప్పుడు నా ఎడిటర్‌లో దాచుకున్న ప్రతి ముక్క పైన తెలుగులో రెండు లైన్లు ఉంటాయి: ఏ రోజు, ఎందుకు, ఏం తీసేస్తే ఏం విరుగుతుంది. ముక్కలన్నీ గిట్‌లో ఉంటాయి. అతికించాక గిట్ డిఫ్ అని కొట్టి, నేను రాయని లైను ఏదన్నా లోపలికి వచ్చిందా అని చూస్తాను. మన కడపలో బ్రౌన్ దొర చేయించిన పని ఇదే. 1820లో ఉద్యోగానికి వచ్చి, తర్వాత అక్కడే బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా ఉందో గుర్తింపించి శుద్ధప్రతి రాయించాడు. ఆయనకు ఒక్కో డిఫ్‌కు నెలలు పట్టి ఉంటుంది. మనకు ఒక్క క్షణం. అయినా బద్ధకిస్తాం.

బ్యాకప్ గురించి కూడా అంతే. తీయడం కాదు, నెలకోసారి వేరే చోట తెరిచి, అందులో ఒక పేరు కళ్లతో చదవండి.

సమయం అయిందని చీటీ వచ్చింది. ఇంకొక్క నిమిషం.

పేర్లు దాదాపు అన్నీ తిరిగి వచ్చాయి. నిన్న మీరంతా బయట గోడ మీద చూసుకొని ఫొటోలు దిగినవి అవే. ఐదు మాత్రం మిగిలాయి, ఐదూ 1981 బ్యాచి, బి సెక్షన్. ఆ పేజీ రిజిస్టర్లో లేదు. అందులో నాలుగింటికి అంతో ఇంతో ఆనవాలు ఉంది. ఒకదానికి మాత్రం ఇంటిపేరు ఏడు కొడవళ్లు, ఒక ఖాళీ, పేరు పదమూడు కొడవళ్లు. సారుకు మనిషి గుర్తున్నాడు, జమ్మలమడుగు వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవాడట, పద్యం బాగా చదివేవాడట. పేరు వెంకటతో మొదలవుతుంది, అంతవరకు గట్టిగా చెబుతున్నారు. వెంకటరమణయ్య కాదు, అది పదకొండే. వెంకటేశ్వర్లు పదమూడు. వెంకటసుబ్బయ్య కూడా పదమూడే. లెక్క నన్ను అక్కడ వదిలేసింది.

81 బ్యాచి వాళ్లు ఈ సభలో ఉంటే, టీ తాగే ముందు ఒకసారి సారు దగ్గరికి రండి. ఆయన మొదటి వరసలోనే కూర్చున్నారు. ఫోన్ చేతిలో పట్టుకొని, పేజీ తెరిచి పెట్టుకొని ఉన్నారు.